చెయ్యి మాది, సంతకం ఎవరిది?

అక్కలారా, చెల్లెళ్ళారా, ఇది ఆడపిల్లల ఆరోగ్యం గురించి. నవ్వకుండా చదవండి.

మన హాస్టలుకి నర్సమ్మ గారు వస్తే లైన్లో నిలబడతాం, చెయ్యి చాపుతాం, వచ్చేస్తాం. ఏటికో అడగం. శ్రీకూర్మం గుడిలో తాబేళ్ళకి ఆకులు వేసినప్పుడు వాటిని అడగక్కర్లేదు. మనం తాబేళ్ళం కాము గదా.

2009 జూలైలో ఖమ్మం జిల్లాలో (అప్పుడు మన రాష్ట్రం, ఇప్పుడు తెలంగాణ) 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. వాళ్ళలో చాలామంది మనలాగే హాస్టళ్ళలో ఉన్న ఆదివాసీ పిల్లలు. పాథ్ అనే అమెరికా సంస్థ, ఢిల్లీలోని వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. కొందరు పిల్లలు చనిపోయారని గొడవ అయ్యి 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటు కమిటీ ఇంకో సంగతి రాసింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 ఒప్పుదల కాగితాల్లో 2,763 మీద సంతకం హాస్టలు పెద్దలది. 1,948 మీద వేలిముద్రలు.

వేలిముద్ర తప్పని నేను అనను. మాయమ్మదీ వేలిముద్రే. కానీ సవర మాటల్లో చెప్తే మాయమ్మకి అన్నీ అర్థమవుతాయి, ఎదురు ప్రశ్నలు కూడా వేస్తాది. ఆ అమ్మలకి ఎవరు చదివి చెప్పారు? నాకు కోపం దాని మీదే.

టీకా మీద నాకు కోపం లేదు. అది మంచి టీకా. గర్భసంచి మూతి దగ్గర వచ్చే కేన్సరుకి ఎక్కువగా కారణం హెచ్.పి.వి. అనే వైరసు. అది ఆడా మగా కలయిక వల్ల అంటుకుంటాది. అంటుకోకముందే, చిన్న వయసులోనే వేస్తే బాగా పనిచేస్తాది. 9 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఒకటి లేదా రెండు మోతాదులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఈ వయసు ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 బడ్జెట్లో చెప్పింది. అంటే ఇది మన వయసు పిల్లల సంగతే.

"కలయిక" అన్న మాట దగ్గరే పెద్దలకు సిగ్గు. సిగ్గుపడి వదిలేస్తే మనకి మిగిలేది సూది నొప్పి ఒక్కటే. ఐరన్ మాత్రలకీ ఇంతే. మలం నల్లగా వస్తుంది, అది మామూలే అని ముందే చెప్తే భయపడి పారేసేవాళ్ళు తగ్గుతారు. మన దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 100కి 59 మందికి రక్తం తక్కువని 2019-21 సర్వేలో తేలింది. మాత్ర కాలవలో పడితే ఎవరికి రక్తం పడుతుంది?

వార్డెనమ్మ గారికి పని ఎక్కువని తెలుసు. మా ఊళ్ళు కొండ మీద, స్కూలు సముద్రం పక్కన. ప్రతి కాగితానికీ అమ్మానాన్న రాలేరు. కానీ ఫోను ఉంది, ఆదివారం ఉంది. ముందు రోజు స్టడీ అవర్లో నర్సమ్మ గారు అరగంట చెప్తే చాలు. సవర, జాతాపు పెద్దక్కలు చిన్నపిల్లలకు వాళ్ళకి తెలిసిన మాటల్లో చెప్తారు. కాగితం ఇంటికి పంపాలి. వద్దన్న పిల్లని తిట్టకూడదు.

నేను అడగాల్సినవి నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. ఇది ఏ జబ్బుకి? వేశాక ఏటవుద్ది? బహిష్టులో ఉంటే వేయించుకోవచ్చా? మీ ప్రశ్నలు ఈ కాగితం కింద రాయండి, పెన్సిలు దారానికి కట్టి ఉంది. పేర్లు అక్కర్లేదు.

— 9వ తరగతి విద్యార్థిని