బ్యాంకులో కూర్చున్న పడవవాడు

ఇంగ్లీషు మాటకు అర్థం తెలియకపోవడం తప్పు కాదు. ఒక్క అర్థమే తెలిసి ఉండడం ప్రమాదం!

తెలుగు మీడియంలో చదివి దివిసీమ నుంచి బందరు కాలేజీకి వచ్చినవాణ్ణి నేను. పాఠంలో పడవవాడు ‘బ్యాంక్’ మీద కూర్చున్నాడని ఉంటే, “పడవవాడు బ్యాంకులో కూర్చున్నాడు” అని తర్జుమా చేశాను. క్లాసంతా గొల్లుమంది. ఆ ఏడాది పొడుగునా మళ్ళీ నోరు విప్పలేదు. నవ్వినవాళ్ళలో చాలామందికి కూడా ఆ అర్థం తెలియదని తరువాత తెలిసింది.

తప్పంతా నాదేనా? ఈ ప్రాంతంవాడికి బ్యాంకంటే డబ్బుండే చోటే. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ బందరులోనే కదా! 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, మా నాన్నగారు ఇప్పటికీ “ఆంధ్రా బ్యాంకుకు వెళ్ళొస్తా” అనే అంటారు.

నిజానికి డబ్బు బ్యాంకు ఇటలీ వర్తకుల బల్ల, ‘బాంకా’ నుంచి వచ్చింది. స్పానిష్‌లో ‘బాంకో’ అంటే ఈనాటికీ బ్యాంకూ, కూర్చునే బల్లా కూడా. ఏటి ఒడ్డుకు వాళ్ళకు వేరే మాట ఉంది. అంటే స్పెయిన్ కుర్రాడైనా నాలాగే పడవవాణ్ణి బ్యాంకులో కూర్చోబెట్టగలడు!

మరి మనకు మాటల కరువా? గట్టు, ఒడ్డు, కట్ట, కరకట్ట – వీటి తేడా రైతుబిడ్డకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొలానికీ గట్టే, “పరీక్ష గట్టెక్కాను” అన్నప్పుడూ గట్టే. కాలువ మీది లాకు, తలుపు తాళం రెండూ ఇంగ్లీషులో ఒకే మాట. మన పల్లెల్లో ‘లాకులు’ అనేవాడికి ఆ సంగతి ఒక్కసారి చెబితే జన్మలో మరిచిపోడు.

బందరులో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. ఒక్కొక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో, వాడుక ఎలా ఉంటుందో చూపించాడు. మనమో, గైడు చూసి మాటకొక అర్థం చొప్పున బట్టీ పడుతున్నాం. ఇంటర్వ్యూలో మాట అర్థం మార్చుకుని ఎదురైతే తెల్లమొహం వేస్తున్నాం.

లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. మాటను వాక్యంలో పెట్టి, మన కాలువ గట్టు మీద నిలబెట్టి చెప్పండి. మిత్రులారా, మీకూ ఒక మనవి. తప్పు చెప్పినవాణ్ణి చూసి నవ్వకండి. ఆ నవ్వుకు భయపడి నోరు మూసుకున్న పల్లెటూరి కుర్రాడు ఇంగ్లీషు పేపరు గట్టెక్కినా, ఇంగ్లీషు మాత్రం గట్టెక్కలేడు.