ఏడాది ఖరీదు

'మళ్లీ రాయాలా, వద్దా?' నీట్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచీ విజయవాడలో ఇంటింటా వినపడే ప్రశ్న ఇది. దీనికి మన పెద్దలిచ్చే జవాబూ ఒక్కటే: పట్టుదల ఉంటే రాయాలి, ఇంత జీవితంలో ఒక్క ఏడు ఒక లెక్కా? ఈ జవాబు పైకి ఎంత ఉదాత్తంగా కనిపించినా శుద్ధ అబద్ధమని నా వాదం. కూర్చుని తిన్నా ఇల్లు గడిచే కుటుంబానికి ఏడంటే పన్నెండు నెలలు. కౌలురైతు ఇంట్లో అది కొత్త అప్పు.

పరీక్ష ప్రతిభను కొలుస్తుందంటారు. 2025లో ఆ పరీక్ష 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. తప్పు రాస్తే ఒక మార్కు కోత. నిమిషానికొక ప్రశ్న తేల్చేచోట అలవాటుకున్న పాలు అవగాహనకు ఎక్కడిది? అలవాటు కావాలంటే కాలం కావాలి; కాలానికి డబ్బు కావాలి. పొరుగున తమిళనాడులో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక చూడండి. అక్కడ వైద్యవిద్యలో చేరినవారిలో మళ్లీ రాసి వచ్చినవారు 2016-17లో నూటికి 12.47 మంది, ప్లస్ టూ మార్కులు పోయి నీట్ వచ్చాక, 2020-21 నాటికి, 71.42 మంది. నాలుగేళ్లలో తమిళ పిల్లల బుర్రలు మందగించాయా? లేదు. కొనుక్కోగలిగిన ఏడాదికి ప్రతిభ అని పేరొచ్చింది, అంతే. మనకు ఈ జబ్బు ఇంకా పాతది. 1986లో మొదలైన ఎంసెట్ రోజుల్లోనే 'లాంగ్‌టర్మ్' అన్న మాట మన నోట నలిగింది.

అసలు డబ్బున్నవారికి ఈ ప్రశ్నే లేదు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో చట్టం చేసిన రాష్ట్రం మనది. నలభై ఏళ్లు తిరిగేసరికి, 2023లో, మచిలీపట్నంతో సహా కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కొంత భాగం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 20 లక్షలు అని ఆ ప్రభుత్వమే వెల కట్టింది! అంత పెట్టలేనివారు కన్వీనర్ సీటు కోసం మళ్లీ మళ్లీ రాయాలి.

మనలో కొందరు అభ్యుదయవాదులది ఇంకో రాగం. డాక్టరు కావాలన్న ఆశే మధ్యతరగతి వ్యామోహమట. నర్సింగు చదివితే తప్పేమిటట. తప్పేమీ లేదు. కాని ఆ సలహా పొలం ఉన్న ఇంటి బిడ్డకు ఎందుకివ్వరు? సభలో ఈ ఉపన్యాసం దంచి, సొంత కొడుకును గూడవల్లి హాస్టల్లో దింపి వచ్చినవారిని నేనెరుగుదును.

మా కళాశాల విద్యార్థిని ఒకతె, దివిసీమ కౌలురైతు కూతురు, మొన్న నన్ను అడిగింది. సార్వా ధాన్యంలో కౌలు బస్తాలు పోతే మిగిలేది తిండికి సరి. తర్వాత వేసే మినుములు పండితే వచ్చేది హాస్టలు ఫీజులో సగం. తమ్ముడు ఈ ఏడే ఇంటర్లో చేరాలి. "నేను రాస్తే వాడు ఆగాలి సార్" అంది. పట్టుదల గురించి మాట్లాడే పెద్దలు ఈ వాక్యానికి జవాబు చెప్పాలి.

రాయమనే చెప్పాను. తమ్ముణ్ణి ఆపవద్దనీ చెప్పాను. ఈ రెండు మాటలూ నిలబడాలంటే నా సానుభూతి చాలదు. మా కళాశాలలో సాయంత్రం గదులకు తాళాలు పడతాయి. భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం చెప్పే మిత్రులిద్దరు ఆ వేళ రోజూ రెండు గంటలు ఉచితంగా చెబుతామన్నారు. రసాయనశాస్త్రానికీ, వృక్షశాస్త్రానికీ మనుషులు కావాలి. తెలుగు పాఠం చెప్పుకొనే నాకు తాళం తీయించే పని మిగిలింది, దానికి అర్జీ పెట్టాను. ఈ పత్రిక చదివే అధ్యాపకులను అడుగుతున్నాను: మీ ఊళ్లో ఆ గదులు ఎందుకు మూసి ఉన్నాయి? మళ్లీ రాసే పేదపిల్లలకు ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలోనూ తరగతీ, వసతీ, భోజనమూ ప్రభుత్వమే ఇవ్వాలని మన సంఘాలు ఇంతవరకు ఒక్క తీర్మానమైనా ఎందుకు చేయలేదు?