ఆ నీళ్లలో బతికేవాళ్ల మాటేది?



చెన్నై దగ్గరి కాట్టుపల్లి ఓడరేవు విస్తరణపై మీ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఉద్యోగాలు, ఎగుమతులు అంటూ చాలా రాశారు. 330 ఎకరాల రేవును ఆరు వేల ఎకరాలు దాటించాలన్నది ప్రతిపాదన. ఆ చోట ఇప్పుడు ఎవరు బతుకుతున్నారో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఎన్నూరు వైపు వెళ్లి చూడండి. ఇరుళ గిరిజన స్త్రీలు నీళ్లలో వంగి, తాటాకు బుట్టను పళ్లతో కరిచిపట్టుకుని, అడుగున బురదను చేత్తో తడుముతూ రొయ్యలు పడతారు. వల లేదు, పడవ లేదు. ఆ నీటి మీద చూపించడానికి పట్టా అసలే లేదు. ఇలాంటివాళ్లకు నష్టపరిహారం ఏ లెక్కన కడతారు?

పులికాట్ సరస్సు జాలర్లు ఏళ్లుగా ఈ విస్తరణ వద్దంటున్నారు. ప్రజాభిప్రాయ సేకరణకు 2021 జనవరిలో ఒకసారి, 2023 సెప్టెంబరులో మరోసారి తేదీ ప్రకటించి, రెండుసార్లూ వాయిదా వేశారు. ఇదే సరస్సు పక్కన శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం యానాదులు అడవిని వదులుకోవలసి వచ్చింది. తెలుగువాళ్లం అది మరిచిపోతే ఎలా?

ఇకముందు సభ పెడితే ఇరుళుల పేటల దగ్గరే పెట్టాలి. మీరూ ఆ స్త్రీలను కలిసి, వాళ్ల మాటలు అచ్చువేయండి.

– ఒక పాఠకురాలు, తండయారుపేట, చెన్నై