గండికోట మీద నిజాం విమానం

బక్రీద్ మర్నాడు ఖాందాన్ అంతా కలిసి గండికోట పోయినాం. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, రెండు ఆటోలు, ఒక డేక్షా బిర్యానీ. జామా మసీదు మినార్లు చూసి, ధాన్యాగారం నీడలో దస్తర్‌ఖాన్ పరిచేసరికి మా భాంజా కనిపించలేదు. తొమ్మిదో తరగతి పిల్లోడు. వెతికితే పెన్నా లోయ అంచుకి కాస్త ఇవతల బోర్లా పడుకుని ఉన్నాడు. ముందర బండ మీద చెప్పుల డబ్బా, డబ్బా మీద ఇనుప తీగ, తీగ కొసన ఒక విమానం. కింద నుంచి ఫోను పట్టి ఫోటో తీస్తున్నాడు. ఆ ఫోటో చూస్తే ఎర్ర బండల మధ్య పెన్నా మీదుగా పాతకాలపు రెండంతస్తుల రెక్కల విమానం నిజంగానే ఎగిరిపోతా ఉన్నట్టుంది.

నాకు నోట మాట రాలేదు. వాళ్ళమ్మకి మాత్రం వచ్చింది. "స్టేటస్ మే నక్కో డాల్ రే!"

దూల్హాభాయ్‌ది వేరే బాధ. ఫిజూల్ ఖర్చు, వక్త్ బర్బాద్, లెక్కల్లో మార్కులు చూస్తే అట్లున్నాయి అని. ముందు ఆయనకే జవాబు చెప్తాను, అది సులువు కాబట్టి.

ఆ బొమ్మ డీహెచ్-9ఏ. 1918 నాటి బ్రిటిష్ బాంబర్. అసలు విమానం రెక్కల వెడల్పు 14 మీటర్లు. స్కేల్ మోడల్ చేసేవాళ్ళకి బాగా అలవాటైన కొలత 1:72, అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు. 14 మీటర్లని 72తో భాగిస్తే పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు. మావాడు రెక్కలకీ, తోకకీ, చక్రాలకీ, ప్రతి కర్రకీ ఈ భాగహారం చేసినాడు. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ కిట్లు బయటి దేశాల నుంచి తెప్పించాల్సిందే, ధర మన చేతికి అందదు. అందుకని అట్టముక్కలు, అగరుబత్తి పుల్లలు, ఫెవికాల్. రెక్కల మధ్య బిగించే తీగలకి మొదట వాళ్ళమ్మ కుట్టుదారం వాడితే జారిపోయి వేలాడిందట. కాలిపోయిన మోటారు వైండింగ్ విప్పి అందులోంచి సన్నటి రాగి తీగ లాగినాడు. పైన ఆకుపచ్చ కలిసిన ఖాకీ, కింద రంగు లేని నారబట్ట ఛాయ, రెక్కల మీద నీలం, తెలుపు, ఎరుపు గుండ్రాలు. ఆ కాలంలో అట్లే ఉండేవి. లెక్కల్లో మార్కులు రాకపోతే తప్పు లెక్కలు నేర్పే తరీకాలో ఉందేమో, దూల్హాభాయ్, పిల్లోడిలో కాదు.

"ఇది బొమ్మ కదా, జాయజేనా?" అని మా ఖాలా అడిగింది. ప్రాణం లేని వస్తువు బొమ్మకి అభ్యంతరం లేదని ఉలమాలు చెప్పేదే. దానికి తోడు అబూ దావూద్‌లో ఒక రివాయత్ ఉంది. హజ్రత్ ఆయిషా (ర.అ) బొమ్మల్లో గుడ్డపీలికలతో చేసిన రెక్కల గుర్రం కనిపిస్తే ప్రవక్త (స.అ.స) "గుర్రానికి రెక్కలా?" అని అడిగారు. సులైమాన్ (అ.స) గుర్రాలకి రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె అంటే ఆయన మనసారా నవ్వారు. ఆ నవ్వు మన ఇళ్ళలోకి ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. భాంజా ఆ విమానాన్నే ఎంచుకోవడానికి కారణం దాని పక్కన రాసుండే అక్షరాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బిచ్చి బ్రిటిష్ వైమానిక దళానికి ఒక స్క్వాడ్రన్ విమానాలు కొనిపెట్టారు. అదే 110 నంబరు స్క్వాడ్రన్, పేరులోనే హైదరాబాద్. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు వెళ్ళి జర్మనీ పట్టణాల మీద పగటిపూట బాంబులు వేసింది, చాలా విమానాలు పోగొట్టుకుంది. ప్రతి దాని మీదా నిజాం కానుక అని రాసుండేది. ఒక్కటి మిగిలింది. ఎఫ్1010, 'హైదరాబాద్ నంబర్ 12ఏ'. 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది, బెర్లిన్ మ్యూజియంలో ఉండింది, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది. 1977లో ఇంగ్లండ్ వాళ్ళు క్రాకోవ్‌కి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడది లండన్‌లో ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియం సొత్తు.

వినడానికి ఫఖ్ర్‌గానే ఉంటుంది. కానీ మావాడు ఇంకా చదివినాడు. చదివి నన్ను అడిగినాడు. "మామూ, అప్పుడు ఖలీఫా అవతలి పక్క కదా?" ఔను. 1914లో ఉస్మానియా ఖిలాఫత్ యుద్ధంలోకి దిగితే, హిందుస్తాన్ ముసల్మాన్లు బ్రిటిష్ వాళ్ళ వైపే ఉండాలని ప్రకటించింది ఈ నిజామే. 1918లో ఆయనకి 'నమ్మకమైన మిత్రుడు' అనే బిరుదు దొరికింది. యుద్ధం అయిపోయినాక ఇదే రకం విమానాలు, నిజాం ఇచ్చినవి కావు గానీ ఇదే డీహెచ్-9ఏలు, ఇరాక్‌లో అరబ్బు, కుర్దు పల్లెల మీద బాంబులు వేసినాయి. 1925లో వజీరిస్తాన్ మీదా వేసినాయి.

"మరి పేరు రాయాలా, వద్దా?" అన్నాడు. విమానం తయారైంది, పక్కన అక్షరాల జాగా ఖాళీగా ఉంది.

నా రాయి ఏందంటే, రాయాలి. మన తారీఖ్‌లో నచ్చినంత ఉంచి నచ్చనిది కోసేసే అలవాటు ఎదుటివాళ్ళలో చూసి రోజూ నొచ్చుకుంటున్నాం. మన ఇంట్లో మనం అదే పని చేస్తే ఎట్లా? పైగా ఈ గండికోట దగ్గర నిలబడి నిజాం కానుక గురించి మాట్లాడితే ఇంకో లెక్క గుర్తు రావాలి. మైసూరు యుద్ధాల తర్వాత నిజాం వాటాకి వచ్చిన ఈ ఇలాఖాని 1800లో రెండో నిజాం కంపెనీ వాళ్ళకి రాసిచ్చేసినాడు, తన దగ్గర పెట్టుకున్న కంపెనీ ఫౌజు ఖర్చు కింద. దత్త మండలాలు అంటే అవే. విమానాలకన్నా 118 ఏళ్ళ ముందు మొదటి కానుక మన కాళ్ళ కింది ఈ బండలే.

ఇక చెల్లెలి భయం. అది నవ్వి కొట్టేసేది కాదు. మనవాడి పేరు, చేతిలో యుద్ధ విమానం, వెనక కోట, పక్కన మసీదు. ఆ ఫోటోని ఎవరు ఎట్లా చదువుతారో! జర్నలిస్టుగా ఇరవై ఏళ్ళలో అట్లాంటి చదువుళ్ళు చూసినాను, అందుకే "ఏం కాదులే" అనలేకపోయినాను. వేరే పిల్లోడైతే ఇదే ఫోటోకి బడిలో చప్పట్లు కొడతారు. మన తల్లి మాత్రం ముందు స్టేటస్ సంగతి ఆలోచిస్తుంది. ఈ తేడాకి నాకు కోపం వస్తుంది, కానీ ఆ కోపం తెచ్చి పిల్లోడి షౌక్ మీద చూపకూడదు.

నేను చెల్లికి ఇద్రీస్ హసన్ లతీఫ్ సాబ్ గురించి చెప్పినాను. 1923లో హైదరాబాద్‌లో పుట్టారు. హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నడిపారు. 1947లో పాకిస్తాన్‌కి రమ్మని తోటి అఫ్సర్లు పిలిచినా పోలేదు. 1978 నుంచి 1981 దాకా భారత వాయుసేన అధిపతి. మన పిల్లలకి ఆ పేరు తెలీదు, బిర్యానీ ఎక్కడ బాగుంటుందో తెలుసు. బడిలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే అందులో మోడల్ విమానాల తయారీ కూడా నేర్పుతారు. ఎంతమంది అబ్బాలు, అమ్మీలు ఆ సంగతి కనుక్కున్నారు?

చెల్లి విని, "నీ మాటలు బాగుంటాయి భాయ్‌జాన్, స్టేటస్ మాత్రం వద్దు" అంది. సరేనన్నాను. ఫోటో ఇప్పటికి మా ఖాందాన్ గ్రూపులోనే ఉంది.

పోయిన ఇత్వారం భాంజా ఫోన్ చేసినాడు. జీరో నంబరు బ్రష్షుతో కుదరక, గుండుసూది మొనతో అక్షరాలు రాసినాడట. రెండుసార్లు చెడిపోయి, చెరిపి మళ్ళీ రాసినాడట. నెక్స్ట్ ఏం చేస్తావురా అంటే, లతీఫ్ సాబ్ నడిపినట్టాంటి హరికేన్ అన్నాడు. దానికి పారదర్శకంగా ఉండే కాక్‌పిట్ మూత కావాలి. వాళ్ళ అబ్బా బీపీ మాత్రల అట్ట ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నాడు.