గీత గీసినోళ్లు ఎందరో... అడిగినోళ్లు ఒక్కరూ లేరు!

భద్రాచలం ఎవరిదని వాదనకు దిగేవాళ్లను మేం ముందుగా అడిగేది ఒకటే: ఏ సంవత్సరం పటం పట్టుకొచ్చారు?

తానీషా కాలంలో అది పాల్వంచ పరగణా. తర్వాత నిజాం ఏలుబడి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డును ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. వాళ్లు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టి, 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాకు మార్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లా. వందేళ్లలో ఇందరు దొరలు మారారు. కోయలు, కొండరెడ్లు మాత్రం అదే అడవిలో పోడు చేసుకుంటూ ఉన్నారు. వాళ్లను అడిగిన దొర ఒక్కడూ లేడు.

సొంత రాష్ట్రం వచ్చే వేళన్నా అడిగారా? 2014 జూన్ 2న తెలంగాణ పుట్టాలి. నాలుగు రోజుల ముందు, మే 29న, ఆర్డినెన్స్ దిగింది. పోలవరం ముంపు పేరిట కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు, వాటితోపాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. జులైలో పార్లమెంటు ముద్ర పడింది. రాముడి గుడి ఇటు, గుడి భూములున్న పురుషోత్తపట్నం అటు!

'అవి మొదట తూర్పు గోదావరివే కదా' అంటారు. ఎడమ ఒడ్డు వరకు ఆ మాట చెల్లుతుందనే అనుకుందాం. మరి కుడి ఒడ్డున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు సంగతేమిటి? 1956 దాకా అవి హైదరాబాద్ రాష్ట్రంలోవి. వాటిని ఏ మద్రాసు పటంలో చూపిస్తారు? ఒక ఒడ్డుకు చరిత్ర, ఇంకో ఒడ్డుకు ముంపు. దీన్నే తొండి అంటారు.

చట్టం ముచ్చట కూడా చూడండి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ప్రాజెక్టుకు భూమి తీసుకోవాలంటే గ్రామసభను సంప్రదించాలి. ఊరికి ఊరే రాష్ట్రం మార్చాలంటే ఆ మాత్రం కూడా అక్కర్లేదు! రాజ్యాంగం 3వ అధికరణ శాసనసభ అభిప్రాయం అడుగుతుందే తప్ప దానికి కట్టుబడమనదు. గ్రామసభ ఊసే ఎత్తదు. ఎకరానికి ఉన్న విలువ మనిషికి లేదా?

విద్యార్థులారా, ఉద్యోగులారా! మన బతుకు మీద నిర్ణయం మనదే కావాలని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాం. ఆ హక్కు హైదరాబాద్‌లో ఆగిపోతే అది సగం హక్కే. ఆ ఊళ్లు మావంటే మావని రెండు ప్రభుత్వాలు పంచాయితీ పెట్టుకునే ముందు ఊరూరా గ్రామసభ పెట్టాలి. ఎటు ఉంటారో, ముంపుకు బదులు ఏ భూమి కావాలో కోయ చెప్పాలి, సర్కారు వినాలి. గీత ఎవరు గీసినా, ముందు వాళ్ల మాట కావాలి!