మొదటి మ్యాచ్ ఓడితే సీజన్ పోయినట్టేనా?

ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్ ఓడిన మర్నాడు బిజినేపల్లి చౌరస్తాలో పది నిమిషాలు నిలబడి చాయ్ తాగి చూడండి. నాగర్‌కర్నూల్ బస్సుకో, మహబూబ్‌నగర్ బస్సుకో ఎదురుచూసే కాలేజీ పిల్లల మధ్య ఆ రోజు ఇంకో ముచ్చట ఉండదు. 'ఇగ అయిపోయిందిరా, ఈసారి గూడ గంతే' అని ఒకరు. 'అన్ని కోట్లు పెట్టి కొన్నరు, ఏం ఫాయిదా' అని ఇంకొకరు. కెప్టెన్‌ను మార్చాలి, ఫలానా బౌలర్ పని అయిపోయింది, కప్పు ఆశ వదిలేసుకోవాలి... బస్సు వచ్చేలోపు తీర్పులన్నీ వచ్చేస్తాయి. లీగ్‌లో ఇంకా పదమూడు మ్యాచ్‌లు మిగిలే ఉంటాయి.

ఇందులో తప్పేం లేదు. అభిమానం అంటేనే కొంచెం తొందరపాటు. మన మాట విని ఎవరూ కెప్టెన్‌ను మార్చరు కాబట్టి నష్టం కూడా లేదు. నష్టం ఎక్కడంటే, అదే తీర్పును మన మీద మనం ఇచ్చుకున్నప్పుడు. ఫైనలియర్‌లో మొదటి క్యాంపస్ డ్రైవ్ పోయిందనుకోండి. ఆప్టిట్యూడ్ రౌండ్‌లోనే పేరు రాలేదు. ఆ సాయంత్రం హాస్టల్ గదిలో మనం మన గురించి అనుకునే మాటలు చౌరస్తాలో వినిపించినవాటికి ఏమాత్రం తీసిపోవు. 'నాకు కోడింగ్ రాదు', 'ఇంగ్లిష్ మీడియం వాళ్లకే ఉద్యోగాలు', 'ఈ లైన్ నాది కాదు'. ఒక్క మ్యాచ్‌కే! పైగా ఇక్కడ కెప్టెన్‌ను మార్చే అధికారం మన చేతుల్లోనే ఉంటుంది. అందుకే ఇది ప్రమాదం.

2024 సీజన్ గుర్తు చేసుకోండి. అంతకుముందు ఏడాది సన్‌రైజర్స్ 14 మ్యాచ్‌ల్లో 4 గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. డిసెంబర్‌లో దుబాయ్ వేలంలో పాట్ కమిన్స్‌కు 20.50 కోట్లు పెట్టింది. మార్చిలో మార్‌క్రమ్‌ను తప్పించి కమిన్స్‌కే కెప్టెన్సీ ఇచ్చింది. మార్చి 23న ఈడెన్ గార్డెన్స్‌లో కోల్‌కతాతో మొదటి మ్యాచ్. లక్ష్యం 209. ఆఖరి మూడు ఓవర్లలో 60 పరుగులు కావాలి. మ్యాచ్ పోయినట్టే అని చాలామంది టీవీ కట్టేసే టైమ్ అది. అప్పుడు క్లాసెన్ చెలరేగాడు. 18వ ఓవర్లో 21 పరుగులు, స్టార్క్ వేసిన 19వ ఓవర్లో 26 పరుగులు. ఆఖరి ఓవర్‌కు 13 కావాలంటే మొదటి బంతికే సిక్స్ పడింది. 5 బంతుల్లో 7 పరుగులు. ఎవరైనా గెలుపే అనుకుంటారు. హర్షిత్ రాణా మిగతా అయిదు బంతుల్లో రెండు పరుగులే ఇచ్చి, షాబాజ్‌ను, క్లాసెన్‌ను అవుట్ చేశాడు. ఆఖరి బంతికి 5 కావాల్సి ఉండగా కమిన్స్ బ్యాట్‌కు బంతి తగల్లేదు. 4 పరుగుల తేడాతో ఓటమి.

ఇలాంటి ఓటమి చిత్తుగా ఓడడం కన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది. ఫైనల్ రౌండ్ దాకా వెళ్లి హెచ్ఆర్ ఇంటర్వ్యూలో ఆగిపోయిన వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

కోపమంతా సహజంగానే కమిన్స్ మీదకు పోయింది. కానీ స్కోర్‌కార్డు ఇంకో కథ చెబుతుంది. కోల్‌కతా 119 పరుగులకు 6 వికెట్లు కోల్పోయిన జట్టు. అక్కడి నుంచి 208 దాకా వెళ్లింది. రస్సెల్ 25 బంతుల్లో 64 కొట్టాడు. ఇటు ఛేజింగ్‌లో ఓపెనర్లు 60 పరుగులు జోడించాక మధ్య ఓవర్లలో వేగం తగ్గింది, ఆఖరి మూడు ఓవర్లకు 60 మిగిలాయి. అంటే మ్యాచ్ ఆఖరి బంతికి పోలేదు, ఆఖరి బంతికి పోయినట్టు కనిపించిందంతే. మరో పక్క 29 బంతుల్లో 63 కొట్టే బ్యాటర్ ఉన్నాడు, ఈడెన్‌లో 209కి అంత దగ్గరగా వెళ్లే బలం ఉంది, నాలుగు నెలల క్రితమే ప్రపంచకప్ ఫైనల్‌లో మన మీద 137 కొట్టిన ట్రావిస్ హెడ్ ఆ రోజు తుది జట్టులోనే లేడు. కోపం పక్కన పెట్టి చదివితే ఆ ఓటమిలో ఇన్ని మంచి వార్తలున్నాయి.

నాలుగు రోజుల తర్వాత, మార్చి 27న ఉప్పల్‌లో ముంబయితో మ్యాచ్‌కు హెడ్ వచ్చాడు. 24 బంతుల్లో 62. అభిషేక్ శర్మ 23 బంతుల్లో 63. క్లాసెన్ 34 బంతుల్లో 80 నాటౌట్. మూడు వికెట్లకు 277. అప్పటికి ఐపీఎల్ చరిత్రలోనే అత్యధిక స్కోరు. ఏప్రిల్ 15న బెంగళూరులో 287 కొట్టి ఆ రికార్డును కూడా తుడిచేశారు. 17 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం, తర్వాత ఫైనల్. ఫైనల్‌లో 113కే కుప్పకూలారనుకోండి, అది వేరే బాధ. కానీ మార్చి 24న చౌరస్తాలో 'కప్పు సంగతి మర్చిపోండి' అన్నవాళ్లు మే 26న అదే జట్టు ఫైనల్ చూడ్డానికి టీవీ ముందు కూర్చున్నారు.

ఆ మ్యాచ్‌లో గెలిచిన జట్టు బౌలర్‌ను కూడా చూడండి. మిచెల్ స్టార్క్‌ను కోల్‌కతా 24.75 కోట్లకు కొన్నది. ఆ రోజు 4 ఓవర్లలో 53 పరుగులిచ్చాడు, వికెట్ లేదు. తర్వాతి మ్యాచ్‌లో బెంగళూరు మీద 47, మళ్లీ వికెట్ లేదు. రెండు మ్యాచ్‌ల్లో సరిగ్గా వంద పరుగులు, సున్నా వికెట్లు. ఎన్ని జోకులు పేలాయో మీకు గుర్తుండే ఉంటుంది. అదే స్టార్క్ మొదటి క్వాలిఫయర్‌లో ఇన్నింగ్స్ రెండో బంతికే హెడ్‌ను బౌల్డ్ చేశాడు. ఫైనల్లో మొదటి ఓవర్లోనే అభిషేక్ వికెట్లు ఎగరగొట్టాడు. రెండింటిలోనూ ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అతనే.

'ఓటమి తర్వాత గెలుపు వస్తుంది' అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. అలా రాయడానికి మరుసటి సీజన్ ఒప్పుకోదు కూడా. 2025 మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద మొదటి మ్యాచ్. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 నాటౌట్. స్కోరు 286. గెలిచాం. ఇగ 300 ఎప్పుడు కొడతారన్నదే చర్చ. ఆ తర్వాత వరుసగా నాలుగు ఓటములు. రెండో మ్యాచ్‌లో కిషన్ మొదటి బంతికే అవుట్. సీజన్ ఆరో స్థానంతో ముగిసింది. ఒక ఏడాది ఓటమితో మొదలై ఫైనల్, మరో ఏడాది 286తో మొదలై ప్లేఆఫ్స్‌కు కూడా లేదు. ముంబయి ఇండియన్స్ సంగతైతే మరీ విచిత్రం. 2013 నుంచి 2025 దాకా ప్రతి సీజన్ మొదటి మ్యాచ్ ఓడిపోయింది. ఆ కాలంలోనే అయిదు కప్పులు గెలిచింది.

టెన్త్ లెక్కల్లో చదువుకున్నాం కదా, ఒక బిందువు గుండా ఎన్ని సరళరేఖలైనా గీయొచ్చు. మొదటి మ్యాచ్ అంటే ఒక్క బిందువు. కోపంలో ఉన్నవాడు దాని గుండా కిందికి గీత గీస్తాడు, సంబరంలో ఉన్నవాడు పైకి గీస్తాడు. రెండు గీతలూ ఊహలే. మెషిన్ లెర్నింగ్ చదివేవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. ఒక్క ఉదాహరణతో ట్రైన్ చేసిన మోడల్‌ను ఎవరైనా నమ్ముతారా?

బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు మయామీ హీట్ ఉదాహరణ తెలిసే ఉంటుంది. 2010లో లెబ్రాన్ జేమ్స్ ఆ జట్టులో చేరాక మొదటి మ్యాచ్‌లోనే బోస్టన్ చేతిలో 88-80తో ఓడింది. తొలి 17 మ్యాచ్‌ల్లో 8 ఓడింది. అదే సీజన్‌లో ఫైనల్స్‌కు వెళ్లింది. కానీ ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లు. అన్ని మ్యాచ్‌లు చేతిలో ఉన్నప్పుడు ఒకటి పోతే ఎవరైనా ధైర్యంగా ఉండగలరు.

మీ చేతిలో ఎన్ని ఉన్నాయి? మోటివేషన్ వీడియోలు దాటేసే ప్రశ్న ఇదే. కమిన్స్‌కు మొదటి రోజు ఓడినా ఇంకా పదమూడు మ్యాచ్‌లు ఖాయం. డబ్బు కూడా ఖాయం. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న మన పిల్లలకు అలాంటి ఖాయం లేదు. నాన్న ఈ నెల పంపగలడు, వచ్చే నెల పత్తి డబ్బులు వస్తే పంపగలడు. అందుకే ముందు తేల్చుకోవాల్సింది మీరు ఆడుతున్నది లీగా, నాకౌటా అన్నది.

ప్రైవేటు ఉద్యోగాల వేట లీగ్ లాంటిది. క్యాంపస్ డ్రైవ్‌లు, ఆఫ్ క్యాంపస్, రెఫరల్స్, ఇంటర్న్‌షిప్‌లు... ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు నాకౌట్. రైల్వే ఎన్‌టీపీసీ నోటిఫికేషన్ 2019లో వచ్చింది, మళ్లీ వచ్చింది 2024లో. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్‌కు 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో రాస్తే రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది. చివరికి కొత్త నోటిఫికేషన్ మీద 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఐపీఎల్‌లో వాన పడి మ్యాచ్ రద్దయితే చెరో పాయింట్ ఇస్తారు. 2024 మే 16న ఉప్పల్‌లో గుజరాత్‌తో మ్యాచ్ అలాగే కొట్టుకుపోతే సన్‌రైజర్స్ ఆ ఒక్క పాయింట్‌తోనే ప్లేఆఫ్స్‌కు చేరింది. పరీక్ష రద్దయితే అభ్యర్థికి ఏ పాయింటూ రాదు, వయసు మాత్రం పెరుగుతుంది.

కాబట్టి నాకౌట్ మాత్రమే ఆడుతున్నవాళ్లకు 'ఒక్క ఓటమేగా' అని చెప్పడం అన్యాయం. వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే, పక్కన చిన్నదైనా ఒక లీగ్ నడుపుకోండి. పాలెం వ్యవసాయ కాలేజీలో చదివినవాళ్లు ఏఈఓ నోటిఫికేషన్ కోసం చూస్తూనే విత్తన కంపెనీలకు అప్లై చేయొచ్చు. డిగ్రీ కంప్యూటర్స్ వాళ్లు గ్రూప్స్ చదువుతూనే టెస్టింగ్‌కో, సపోర్ట్ ఉద్యోగానికో ప్రయత్నించొచ్చు. ప్రిపరేషన్ దెబ్బతింటుందనే భయం నిజమే. చేతిలో డబ్బు లేక మధ్యలో చదువు ఆపేసి ఊరికి వచ్చేస్తే ఇంకా ఎక్కువ దెబ్బతింటుంది.

లీగ్ ఆడేవాళ్లకు మొదటి మ్యాచ్ ఎక్కడ ఆడాలన్నది ముఖ్యం. చాలా కంపెనీల్లో ఒకసారి ఇంటర్వ్యూలో పోతే మళ్లీ అప్లై చేయడానికి కొన్ని నెలలు ఆగాలి. అందరూ చేసే పొరపాటు, ఎంతో ఇష్టపడే కంపెనీకే మొదట అప్లై చేయడం. జీవితంలో మొదటి ఇంటర్వ్యూలో గొంతు వణకడం ఎవరికైనా మామూలే. ఆ వణుకును ఇష్టమైన కంపెనీ మీద ఎందుకు ఖర్చు చేయాలి? క్యాంపస్‌లో వరుస మన చేతిలో ఉండదు, ఆఫ్ క్యాంపస్‌లో ఉంటుంది.

ఓడిన సాయంత్రమే స్కోర్‌కార్డు రాసి పెట్టుకోండి. రెండు రోజులైతే గుర్తుండదు, గుర్తున్నది కూడా ఆఖరి ప్రశ్నే అయి ఉంటుంది. 'ఆ ఎస్‌క్యూఎల్ ప్రశ్న ఒక్కటి చెప్పి ఉంటే వచ్చేది' అని నెలల తరబడి బాధపడేవాళ్లు చాలామంది. ఆఖరి బంతికి కమిన్స్‌ను తిట్టడం లాంటిదే అది. ఏ రౌండ్ దాకా వెళ్లారు, ఎక్కడ టైమ్ పోయింది, మీ ప్రాజెక్టు గురించి అడిగితే రెండు నిమిషాలు మాట్లాడగలిగారా, రెజ్యూమెలో రాసుకున్న దేని గురించి అడిగితే నోరు పెగల్లేదు... ఇవీ రాయాల్సినవి. బాగా పోయినవి కూడా రాయండి. ఆరు నెలలు తెలుగు మీడియం గురించే బాధపడి, తీరా చూస్తే ప్రతిసారీ ఆప్టిట్యూడ్‌లో టైమ్ సరిపోకే ఆగిపోతున్నట్టు తేలవచ్చు. ఆ రెండింటికి మందులు వేరు. సన్‌రైజర్స్ కూడా కెప్టెన్‌ను మార్చలేదు, బెంచీ మీదున్న హెడ్‌ను దించింది.

ఇక చుట్టూ ఉండే అభిమానులు. 'ఏమైంది బిడ్డా, అచ్చిందా?' అని పెద్దమ్మ అడుగుతుంది. రాలేదంటే 'మా ఆడబిడ్డ కొడుక్కి వచ్చిందట' అంటుంది. ఆమెకు కోపం లేదు, ఆమెకు తెలిసిన స్కోరుబోర్డు అదొక్కటే. ఇంట్లోవాళ్లకు మొదటి డ్రైవ్‌కు ముందే చెప్పి పెట్టండి: ఈ ఏడాది ఇన్ని కంపెనీలకు అప్లై చేస్తున్నా, ఇన్నింటిలో పోతుందనే అనుకుంటున్నా, మార్చి దాకా చూద్దాం అని. ముందే చెబితే అది ప్లాన్ లాగా వినిపిస్తుంది, ఓడాక చెబితే సాకు లాగా వినిపిస్తుంది.

మార్చి దాకానా, జూన్ దాకానా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే నిర్ణయించుకోవాలి. ఒక కాగితం తీసుకుని మీ సీజన్ రాయండి. ఏ డ్రైవ్ ఎప్పుడు, ఏ పరీక్ష ఎప్పుడు, ఏ నెల దాకా ఆగగలరు. హాస్టల్ ఫీజు కట్టాల్సిన తేదీలు కూడా ఆ కాగితం మీదే రాయండి.