వాన లెక్క మరచిన ఊరు

ఉర్దూలో 'మౌసమ్' అనే మాట ఉన్నది. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటకు మూలార్థం 'నియమిత కాలము' అని. ఏటేటా గడువు తప్పక వచ్చేది అన్నమాట. ఐరోపా నావికుల నోట నలిగి ఈ మాటే 'మాన్సూన్' అయినది. తెలుగులో మనము 'వాతావరణము' అంటాము. మనలను ఆవరించి ఉన్న గాలి అని దాని భావము. ఒక మాటలో కాలము ఉన్నది, మరొక మాటలో చోటు ఉన్నది. మా నిర్మల్ పట్టణపు నిత్యజీవితాన్ని తలచుకొన్నప్పుడల్లా ఈ రెండు మాటలూ కలిసే మాకు గుర్తుకు వస్తాయి. వాన ఎప్పుడు వస్తుంది అన్నది ఒక ప్రశ్న. వచ్చిన వాన ఎటు పోతుంది అన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానము మన చేతిలో లేదు. రెండవ దానికి సమాధానము మన పెద్దలకు తెలుసు, మనము మరచిపోయాము. ఈ వ్యాసములో మేము విన్నవించదలచినది ఇంతే.

తెలంగాణ ఉత్తరపు కొసన, కొండల పాదాన, 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో ఉన్న చిన్న పట్టణము మాది. ఉత్తరాన మహబూబ్ ఘాట్ మలుపులెక్కితే ఆదిలాబాద్ దారి, దక్షిణాన గోదావరి. సముద్రము చాలా దూరము. అందువల్ల ఇక్కడ ఎండకూ అడ్డు లేదు, చలికీ అడ్డు లేదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నము పన్నెండు దాటితే బజారు వీధి నిర్మానుష్యమవుతుంది. పుష్యమాసములో ఉత్తరపు గాలి తగిలితే పాత ఆదిలాబాద్ జిల్లాలో అనేక చోట్ల రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు జారుతుంది. తెల్లవారుజామున బస్సు కోసము వచ్చినవారు చలిమంట చుట్టూ చేరుతారు. ఆ మంట దగ్గర గోండీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వినబడతాయి. ఉత్తరపు సరిహద్దు ఊరి సొగసు అది.

ఈ ఊరిలో ఏ వృత్తిని చూచినా దాని వెనుక మౌసమ్ నిలిచి ఉంటుంది. రైతు మృగశిర కోసము ఎదురుచూస్తాడు. తొలకరికి పత్తిగింజ నాటి, ఆ తరువాత పదిహేను రోజులు చినుకు రాకపోతే మరల గింజ కొనవలసినదే. మరల అప్పు చేయవలసినదే. నకాషీ కళాకారుని సంగతి వేరు. పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, ఆరబెట్టి, నునుపు చేసి, రంగులు వేస్తాడు. 'నకాషీ' అన్న మాట కూడా అరబ్బీ 'నక్ష్' నుండి వచ్చినదే. కాని ఆ బొమ్మలపై చిలుకలూ మామిడిపండ్లూ మన తోటలవే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళకు కావలసిన మొదటి ముడిసరుకు కర్ర అయితే, రెండవది ఎండ. ముసురు పట్టితే అతుకు ఆరదు, పూత ఆరదు. బొమ్మ ఆరనిదే బేరము లేదు. ఒకే వాన కోసము ఒక ఇంటివారు ఆకాశము చూస్తూ ఉంటే, పక్కింటివారు అదే వాన ఎప్పుడు వెలుస్తుందా అని చూస్తూ ఉంటారు. చిన్న ఊరిలో బ్రతకడమంటే ఇద్దరి కష్టమూ తెలిసి ఉండడము.

ఇక రమజాన్ సంగతి. కార్తెలు సూర్యుని లెక్క, హిజ్రీ మాసాలు చంద్రుని లెక్క. చంద్రసంవత్సరము దాదాపు పదకొండు రోజులు తక్కువ కనుక రమజాన్ మాసము అన్ని ఋతువులనూ చుట్టి సుమారు 33 ఏండ్లకు మరల మొదటి చోటికే వస్తుంది. 1986లో రమజాన్ మే నెలలో వచ్చినది; 2019లో మరల మే నెలలోనే వచ్చినది. ఇఫ్తార్ వేళ పెద్దలు ఈ రెండు వేసవులనూ పోల్చి చెప్పడము మేము విన్నాము. ఒకరు "అప్పుడు చేదబావి నీళ్లు చల్లగా ఉండేవి, ఇంత సెగ లేదు" అంటే, మరొకరు "నీకప్పుడు ఇరవై ఏండ్లు, అందుకే సెగ తెలియలేదు" అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము గాని, ఆ రెండవ పెద్దమనిషి మాట మా మనసులో నిలిచిపోయినది. జ్ఞాపకము విలువైనదే, కాని జ్ఞాపకము కొలత కాదు.

కనుక గతమంతా బంగారమని చెప్పడము మా ఉద్దేశము కాదు. మా జిల్లాలోని కడెం ప్రాజెక్టు కట్ట నిర్మాణదశలోనే 1958 వరదకు తెగినది. రాంజీ గోండుతో పాటు ఎందరో గోండులనూ రోహిల్లాలనూ ఆంగ్లేయులు 1860లో ఉరితీసిన 'వెయ్యి ఉరుల మర్రి' 1995లో గాలివానకు కూలినది. ప్రకృతి ఉగ్రరూపము మనకు కొత్త కాదు. కొత్తది ఏమనగా, ఆ ఉగ్రరూపము వచ్చిపోయే వ్యవధి తగ్గుతున్నది. 2021 జూలైలో మా పట్టణములోని పల్లపు కాలనీలు నీట మునిగినవి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు, వదలగలిగినది సుమారు 3 లక్షల క్యూసెక్కులు కాగా, 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చినది. 18 గేట్లలో ఒకటి తెరచుకొనలేదు. దిగువ గ్రామాలవారు రాత్రికి రాత్రి ఇండ్లు విడిచారు. ఆ భయము తీరకముందే 2023 జూలైలో మరల గేట్ల మీదుగా నీరు పొర్లినది. అదే వారములో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఒక కాలమంతటా పడవలసిన వానలో పెద్ద భాగము ఒక్క దినములో పడినదన్నమాట.

దీనికి కారణము శాస్త్రజ్ఞులు చెప్పినదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతము అధికముగా తేమను మోయగలదు. మోసిన బరువును ఎక్కడో ఒకచోట దించవలసినదే కదా! మధ్య భారతములో 1950 నుండి 2015 వరకు వానల లెక్కలు పరిశీలించి 2017లో ప్రకటించిన ఒక అధ్యయనము ప్రకారము, విస్తారమైన ప్రాంతాన్ని ముంచే అతివృష్టి సంఘటనలు మూడు రెట్లు పెరిగినవి. విచిత్రమేమనగా అదే కాలములో మొత్తము ఋతుపవన వర్షము తగ్గుముఖము పట్టినది. అనగా వాన దినాలు తగ్గి, వాన వేగము పెరిగినది. రైతు రెండు విధాలా నష్టపోతున్నాడు: నాటినప్పుడు చినుకు లేదు, పూత దశలో నిలువలేనంత నీరు.

అయితే ఇక్కడే మేము పాఠకులతో ఒక చిన్న వాదమునకు దిగుతున్నాము. "ఏమి చేస్తాము, వాతావరణము మారిపోయినది" అనే మాట ఈ మధ్య మన ఊరిలో ఒక సాకుగా మారినది. ఆకాశము నుండి పడిన నీటికి వాతావరణము కారణము కావచ్చును. ఆ నీరు మన గడప లోపలికి రావడానికి కారణము వాతావరణము కాదు.

ఒక చిన్న లెక్క వేద్దాము. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల ఇంటి కప్పుపై వంద మిల్లీమీటర్ల వాన పడితే పదివేల లీటర్లు. ఒక చదరపు కిలోమీటరు ఊరిపై అదే వాన పడితే పది కోట్ల లీటర్లు. ఈ నీరంతా నడిచి పోవడానికి దారి కావలె. నిలవడానికి చోటు కావలె. నిర్మల్ ఊరిని కట్టినవారికి ఈ లెక్క తెలుసు. అందుకే ఊరి చుట్టూ కోటబురుజులతో పాటు గొలుసుకట్టు చెరువులు ఏర్పరచారు. పై చెరువు నిండితే మత్తడి పారి కింది చెరువులోకి, అది నిండితే ఇంకొక దానిలోకి, చివరకు వాగులోకి. ధర్మసాగర్, ఖజానా చెరువు, మోతీ తలాబ్, బంగల్‌పేట చెరువు. పేర్లలోనే చూడండి, రెండు భాషలూ ఒకదాని నీరు ఒకదానిలోకి పారించుకొన్నవి. గొలుసులో ఒక్క కడియము తెగినా గొలుసు గొలుసు కాదు. నేడు కొన్నిచోట్ల చెరువు శిఖము ప్లాట్లయినది. కొన్నిచోట్ల నాలా సన్నబడి మురికికాలువ అయినది. ఆ ప్లాటు కొన్నవాడు దొంగ కాదు. జీవితకాలపు కూడబెట్టుతో, తెలియక, వేసవిలో ఎండిన నేలను చూచి కొన్నవాడు. వేసవిలో చెరువు శిఖము కూడా మైదానమువలెనే కనిపిస్తుంది. చూపించవలసినవారు చూపించలేదు, అడుగవలసినవాడు ఎవరిని అడుగవలెనో ఎరుగడు.

"భూగోళమంతా వేడెక్కుతూ ఉంటే చిన్న పట్టణము, అందులో ఒక చిన్న కళాశాల, ఏమి చేయగలవు?" అని మిత్రులు కొందరు ప్రశ్నించారు. సబబైన ప్రశ్నయే. భూగోళమును మనము చల్లబరచలేము. కాని మన వీధిలోని నీటి లెక్క మనము వ్రాయవచ్చును. ఆ పనికి మన కళాశాల వంటి చోటు మరొకటి లేదని మా దృఢమైన అభిప్రాయము. ఎందువల్లనో మనవి చేస్తాము.

నిజాం పాలన చివరి దశాబ్దాలలోని భూమి రికార్డులు ఉర్దూలో ఉన్నవి. ఏది పట్టా, ఏది శిఖము, ఏది నాలా అనేది ఆ సేత్వారు కాగితాలలో ఉన్నది. నేడు తెలుగు తప్ప తెలియని గుమాస్తాకు ఆ కాగితము మూగది. ఉర్దూ తెలిసిన వృద్ధునికి కొత్త సర్వే నంబరు తెలియదు. ఒకే బెంచీపై ఒక ఉర్దూ మాధ్యమపు విద్యార్థి, ఒక తెలుగు మాధ్యమపు విద్యార్థి కూర్చుండే కళాశాల మనది. "ఉర్దూ చదివితే ఏమి ఉద్యోగము వస్తుంది?" అని తరచు మనలను అడుగుతారు. ఉద్యోగము మాట తరువాత. ఒక ఊరు మునగకుండా ఉండడానికి ఆ భాష అక్కరకు వస్తుందని మనము చూపగలము. ఈ ఏడు చరిత్ర, ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి పట్టణపు చెరువుల, నాలాల పాత వివరాలను రెండు భాషలలో ఒక పటముగా గీయవలెనని మా మొదటి సూచన.

రెండవది, ఒక వర్షమాపకము. ఖర్చు స్వల్పము. కళాశాల ఆవరణలో, చెట్టు నీడా గోడ అడ్డూ లేనిచోట దానిని నిలిపి, వాతావరణ శాఖవారి పద్ధతిలో ప్రతి ఉదయము 8:30 గంటలకు కొలత చూచి, నోటు పుస్తకములో వ్రాయవలె. వాన లేని రోజున సున్నా వ్రాయవలె. ఆ సున్నాయే అన్నిటికంటె ముఖ్యము. ఇరవైనాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షమనీ, 204.5 తాకితే అత్యంత భారీ వర్షమనీ ఆ శాఖవారి లెక్క. ఆ రోజున ఏ వీధిలో నీరు ఎంతసేపు నిలచినదో కూడా పక్కన వ్రాయవలె. మరల రమజాన్ మే నెలలో వచ్చేది ఇంచుమించు 2052 ప్రాంతములో. ఆనాటి ఇఫ్తార్ వేళ, నేటి విద్యార్థులు నెరసిన జుట్టుతో కూర్చుని "మా కాలములో" అని మొదలుపెట్టినప్పుడు, వారి చేతిలో జ్ఞాపకము మాత్రమే కాక ఒక పుస్తకము ఉండవలె.

మూడవ మాట కళాశాల కమిటీ పెద్దలకు. సాహసించి మనవి చేస్తున్నాము; మన్నించవలె. కళాశాల వెనుకనున్న పల్లమును మొరముతో పూడ్చి కొత్త తరగతి గదులు కట్టవలెనని ఆలోచన ఉన్నట్లు విన్నాము. గదుల కొరత మాకంటె బాగా ఎవరికి తెలుసు? వరండాలో పాఠము చెప్పినవారము మేము. అయినా, ముసురు రోజులలో ఆ పల్లమును చూడవలసినదిగా కోరుతున్నాము. వెనుక బస్తీ నీరంతా అక్కడికి చేరి, అక్కడి నుండి మెల్లగా దిగువకు పోతుంది. దానిని పూడ్చితే మన గదులు పొడిగానే ఉంటాయి. నీరు మాత్రము వెనుక ఇండ్లలో నిలుస్తుంది. ఆ ఇండ్లలో మన విద్యార్థులే ఉన్నారు. పుస్తకాలు తడిసిన పిల్లవానికి కొత్త గదిలో పాఠము చెప్పడము ఏమి పుణ్యము? ఉన్న భవనముపై మరొక అంతస్తు లేపడానికి ఖర్చు ఎక్కువ కావచ్చును. ఇంజనీరును మరొకసారి సంప్రదించి, నీటి దారిని విడిచి కట్టే ఉపాయము ఆలోచించవలెనని మా ప్రార్థన. సేద తీర్చుకొనే నీటికి దారి ఇవ్వడము కూడా దానమే.

ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా! మౌసమ్ తన గడువు తప్పినది. అది మన చేతిలోని పని కాదు. కాని నీరు తన దారి తప్పలేదు. దారిని మనమే మూసినాము. ఆ దారి ఎక్కడ ఉండేదో మీ తాతలను అడగండి, పాత కాగితాలు చదవండి, వాన వెలసిన తరువాత గొడుగు మడిచి వీధిలో నడిచి స్వయముగా చూడండి. వచ్చే మృగశిర నాటికి వర్షమాపకము వచ్చినా రాకపోయినా ఒక నోటు పుస్తకము కొనండి. మొదటి పుటలో తేదీ వేయండి, ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఉర్దూలో. మిగిలినది వాన వ్రాయిస్తుంది.